ఎడమచేతికి వచ్చిన పిలుపు

ఎలుకకి కుడీ ఎడమా పట్టింపు లేదు. డాక్టర్ సుభాషిణి ముప్పై ఏళ్ల పరిశోధనలో దొర్లిన తప్పంతా ఆ చిన్న సంగతి దగ్గరే ఉంది. అది ఆమెకి తట్టేసరికి మందు ఎలుకల్ని దాటి మనుషుల చేతుల్లోకి ఎక్కేసింది. ఆ చేతుల్లో ఒకటి ఆమె అత్తగారిది.

విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న నాడీ పరిశోధన కేంద్రంలో సుభాషిణి ల్యాబుకి ఒక ఆట ఉండేది. ముసలి ఎలుకని తీగల జల్లెడ మీద నిలబెట్టి, జల్లెడని మెల్లగా తలకిందులు చేసేవాళ్లు. పడుచు ఎలుక తీగల్ని పట్టుకుని హాయిగా వేలాడుతుంది. ముసలిది చూస్తూండగానే పట్టు జారి, కింద పరిచిన దూదిలో పడుతుంది. పడి, తనకేమీ సంబంధం లేనట్టు మూతి తుడుచుకుంటుంది.

వయసు మీద పడితే కండ కరిగిపోతుందని లోకం అంటుంది. సుభాషిణి ఒప్పుకోదు. కండ ముందు కరగదు, నరమే ముందు దాన్ని వదిలేసి వెనక్కి పోతుంది, పలకరించేవాళ్లు లేక ఆ తరవాత కండ ఎండుతుంది అంటుంది. ఆ వెళ్లిపోయిన నరాన్ని తిరిగి రప్పించే మందు కోసమే ఆమె జుట్టు నెరిసింది. మందుకి కాగితాల మీద నోరు తిరగని పేరొకటి ఉన్నా, ల్యాబులో అందరూ 'పిలుపు' అనేవాళ్లు. ఎవరికీ హాని చెయ్యని వైరస్ డొల్ల ఒకటి, దాని కడుపులో ఒక చీటీ. కండలోకి పోయి చీటీ విప్పుతుంది. అది చదువుకున్న కండ నరాన్ని కేకేస్తుంది. నరం కొత్త కొమ్మలు వేసుకుంటూ వస్తుంది.

ఒకటే ఇబ్బంది. ఒంటికి జ్ఞాపకం ఎక్కువ. ఒకసారి చూసిన డొల్లని రెండోసారి గడప దాటనివ్వదు. కనుక ఏ మనిషికైనా జన్మలో ఒక్కసారే పిలుపు.

మందు వేసిన ముసలి ఎలుక మొదటిసారి తలకిందులుగా వేలాడి, మీసాలు కదిలిస్తూ చుట్టూ ఉన్న తెల్లకోట్లని తీరిగ్గా చూసిన రోజున ల్యాబంతా కేరింతలు కొట్టింది. సుభాషిణి మాత్రం తీగని చుట్టుకున్న ఆ చిన్న ముందరి పాదాల్ని చూసి ఏడ్చేసింది. ఆమెకి ఎలుక కనబడలేదు, అత్తగారి వేళ్లు కనబడ్డాయి.

మాణిక్యాంబ గారికి డెబ్బై తొమ్మిదేళ్లు. ఒకప్పుడు ఆవిడ చెయ్యి పడితే నీళ్లచారు కూడా విందులా ఉండేది. ఇప్పుడా కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ పల్లమైపోయింది. అన్నం కలపబోతే వేళ్లు ఒకదానికొకటి అందవు. ముద్ద పైకి లేచి, నోటికి చేరేలోగా ఒళ్లో రాలిపోతుంది. చెంచా ఇస్తే చెంచా జారుతుంది. కొడుకు కామేశం తినిపిస్తానని పక్కన కూర్చుంటే ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఒరేయ్, నీకు నేను తినిపించానురా. నువ్వు నాకు తినిపించే రోజే వస్తే ఆ అన్నం నాకక్కర్లేదు."

అన్నంత పనీ చేశారు. గ్లాసుడు పలచటి మజ్జిగ తాగి "ఆకలి లేదర్రా" అని లేచిపోవడం అలవాటు చేసుకున్నారు. జాకెట్టు భుజాల మీంచి జారడం మొదలైంది. సుభాషిణి ల్యాబులో రోగుల్ని చూసే డాక్టర్ షకీలా ఒకసారి ఇంటికొచ్చి, ఆవిడ మణికట్టు పట్టుకు చూసి, బయటికొచ్చాక గొంతు తగ్గించి చెప్పింది. "ఇలాగే సాగితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి మేడం. గొట్టంతో ఈవిడ బతకరు. బతకడానికి ఒప్పుకోరు."

అది నిజమని సుభాషిణికి తెలుసు. ఆ ఇంట్లో అత్తగారి పంతం ఆమెకి తెలిసినంతగా కన్నకొడుక్కి కూడా తెలీదు.

సుభాషిణిది పుట్టు ఎడమచేతి వాటం. అన్నం దగ్గర మాత్రం వాళ్లమ్మ చిన్నప్పుడే కుడిచేతికి మప్పింది. తక్కినవన్నీ ఎడమచేత్తోనే. కొత్తకోడలిగా వచ్చిన వారంలో బంధువులంతా పంక్తిలో కూర్చుని ఉంటే, మర్చిపోయి ఎడమచేత్తో పప్పు వడ్డించబోయింది. మాణిక్యాంబ గారు గబగబా వచ్చి గరిట అందుకున్నారు. "నువ్వు వడ్డించొద్దులే అమ్మాయ్. ఆ చేత్తో పెడితే తినేవాళ్లకి సయించదు. నీ చదువేదో నువ్వు చదువుకో, ఈ వంటిల్లు నేను చూసుకుంటాను" అన్నారు, అందరి ముందూ.

అన్నట్టే చూసుకున్నారు. కోడలు డాక్టరేటు చేసింది, ఎలుకలతో కాపరం చేసింది, దేశాలు తిరిగి ప్రసంగాలు చేసింది. ఆమె కన్న కూతుర్ని అత్తగారు పెంచారు. పొద్దున్నే స్టీలు క్యారేజీ కట్టి చేతికిచ్చారు. సుభాషిణికి ఆవిడంటే కోపమూ ఉండేది, ప్రాణమూ ఉండేది. ఏది ఎంతో విడదీసి చూసుకునే తీరిక ముప్పై ఏళ్లలో దొరకలేదు. ల్యాబులో మాత్రం ఆ ఎడమచేతికి ఎదురులేదు. వెంట్రుకకన్నా సన్నని నరం మీద తీగ ఆనించాలంటే కుర్రవాళ్లంతా పక్కకి తప్పుకుని "మేడం, మీరు రండి" అనేవాళ్లు.

మనుషుల మీద పరీక్షకి అనుమతి వచ్చాక, పద్ధతి ఎలా ఉండాలన్న మాట వచ్చింది. ఒక చేతికి మందు, రెండో చేతికి ఉప్పునీళ్లు. ఒకే మనిషిలో రెండు చేతుల్నీ పోల్చి చూస్తే అంతకన్నా నిక్కమైన సాక్ష్యం ఉండదని సుభాషిణి అంది. ఏ చేతికి ఏదన్నది కంప్యూటరు చీట్లు వేస్తుంది. వేసేవాళ్లకీ తెలీదు, వేయించుకునేవాళ్లకీ తెలీదు.

షకీలా పెన్ను కొరుకుతూ అడిగింది. "మందు ఎడమచేతికి పడితే పాపం నష్టపోరా మేడం? జన్మకి ఒక్కసారే కదా. అందరికీ కుడిచేతికే ఇస్తే?"

"ఏం, ఎడమ చెయ్యి చెయ్యి కాదా?"

ఆ మాట సుభాషిణి నోటినుంచి కాస్త కటువుగానే వచ్చింది. షకీలా తెల్లబోయి పెన్ను పక్కన పెట్టేసింది. గదిలో ఇంకెవరూ ఆ ఊసు ఎత్తలేదు. అది శాస్త్రం మాట్లాడిన మాట అనుకున్నారంతా. సుభాషిణి కూడా అలాగే అనుకుంది.

మాణిక్యాంబ గారే ఒకరోజు అడిగారు. "నీ మందు ఎలుకలకేనా, మనుషులకి కూడానా?"

"మనుషులకి కూడా, అత్తయ్యగారూ. కానీ ఇంట్లోవాళ్లని నేను చేర్చుకోకూడదు."

"నువ్వు చేర్చుకోవద్దు. ఆ షకీలా చేర్చుకుంటుంది. నేను అడిగాను."

పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీవాళ్లు ఆలోచించి, సుభాషిణి ఆ ఫలితాల జోలికి రాకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఇంజక్షన్ల రోజున సుభాషిణి ఊళ్లోనే ఉండి, ఆ గది వైపు కూడా వెళ్లలేదు. మనసులో మాత్రం ఒకటే ప్రార్థన. కుడిచెయ్యి, కుడిచెయ్యి, కుడిచెయ్యి. శాస్త్రవేత్త అలా జపం చెయ్యొచ్చా అంటే, ఆ రోజు ఆమె శాస్త్రవేత్తగా లేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం కామేశం స్నానాలగదిలోంచి కేకేశాడు. "ఈ కుళాయి ఎవరు కట్టారు? తిప్పుతుంటే రావట్లేదు!"

"నేనే కట్టానురా" అన్నారు మాణిక్యాంబ గారు. "చుక్కలు పడుతుంటే గట్టిగా బిగించాను."

పోర్టులో క్రేన్ల ఇంజనీరు కామేశం. తల్లి బిగించిన కుళాయి విప్పడానికి పానా తెచ్చుకోవాల్సి వచ్చింది. సుభాషిణి పరిగెత్తుకొచ్చి "ఏ చేత్తో, అత్తయ్యగారూ?" అని అడిగింది. ఆవిడ ఎడమచెయ్యి పైకెత్తి చూపించారు. కుడిచేతికి లాగే ఆ చేతి బొటనవేలి మొదట్లోనూ ఉన్న పల్లం పూడింది. చర్మం కింద చిన్న గుండ్రటి కండ బొద్దుగా నిలబడి ఉంది.

ముప్పై ఏళ్ల కష్టం ఫలించి కళ్లముందు నిలబడితే మనిషి గంతులెయ్యాలి. సుభాషిణి ఆవిడ కుడిచేతిని అందుకుని, అక్కడి పల్లాన్ని తడిమి చూసింది. కుడిచెయ్యి ఇక ఎప్పటికీ రాదు.

"పోన్లే" అన్నారు అత్తగారు. "కుళాయిలు కట్టుకుంటాను."

ఆ మధ్యాహ్నం కూడా ఆవిడ మజ్జిగే తాగారు.

ఆరు నెలలకి, ఎవరికి ఏ చేతికి మందు పడిందో చెప్పే చీట్లు విప్పారు. మందు కుడిచేతికి పడినవాళ్లు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు, సంతకాలు చేస్తున్నారు, పూరీలు తుంచుకుంటున్నారు. ఎడమచేతికి పడినవాళ్లకి మాత్రం మొదట్లో అంతే బాగా వచ్చిన బలం, నెలనెలా తగ్గుతూ వచ్చింది. మీటింగుల్లో సిద్ధాంతాలు లేచాయి. ఒకాయన మెదడు అన్నాడు, ఒకాయన గుండె ఎడమవైపు ఉంటుంది కదా అన్నాడు. గోడ మీద గ్రాఫు గీతలు చూస్తూ సుభాషిణి అన్నం నీళ్లు మర్చిపోయింది. ఎలుకల్లో ఎప్పుడూ ఇలా జరగలేదు. ఎందుకు జరగలేదు?

చివరికి కమిటీని అడిగి, ఒక్కొక్కరినీ తనే పిలిచి మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట వచ్చినాయన సన్యాసిరావు గారు, రిటైరైన తహసీల్దారు, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఎడమచేతికి పడిన పిలుపు ఆయనకి దాదాపు పూర్తిగా ఆరిపోయింది. పిడికిలి బిగించమంటే వేళ్లు సగంలో ఆగిపోయాయి.

"మొదట్లో బాగానే వచ్చిందే. మీరు ఆ చేత్తో ఏమేం పనులు చేసేవారండీ?"

"ఎడమచేత్తోనా?" ఆయన నవ్వారు. "దానికేం పనుంటుందమ్మా? పొద్దున్న ఒక్క పని. నా సర్వీసు మొత్తంలో ఒక కాగితం కూడా ఎవరికీ ఎడమచేత్తో ఇవ్వలేదు, పుచ్చుకోలేదు. మీరు మరీ దిగులు పడకండి. పోయింది ఎడమచెయ్యే కదా!"

ఆయన్ని ఓదార్చాల్సింది పోయి ఆయన చేతే ఓదార్పు పొందుతూంటే సుభాషిణికి తట్టింది. అదీ సంగతి. వెనక్కి వచ్చిన నరానికి పని కావాలి. కొత్త కొమ్మ నిలదొక్కుకునే కొన్ని నెలల్లో రోజూ వాడితేనే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఎలుక నాలుగు పాదాలతోనూ జల్లెడ పట్టుకుంటుంది, రెండు ముందు కాళ్లతోనూ గింజ తింటుంది. మనవాళ్లలో ఎడమచేతికి తిండి లేదు, ఇవ్వడం లేదు, పుచ్చుకోవడం లేదు, దీవెన లేదు. ఇంత చిన్న సంగతి, ఈ నేల మీద పుట్టిన ఏ పసిపిల్లకైనా తెలిసిన సంగతి, ఆమెకి తట్టలేదు. తట్టకపోవడం కూడా కాదు. షకీలా చెవిలో వేస్తే, పంక్తిలో గరిట పోగొట్టుకున్న కోడలు కస్సుమంది.

సన్యాసిరావు గారికి ఇంక చేసేదేమీ లేదు. ఆయనకి నమస్కారం పెట్టి నిజం చెప్పింది. ఆయన తన ఎడమచేతిని తిప్పి చూసుకుని, "ముందే చెబితే మాత్రం ఆ చేత్తో తిని ఉండేవాణ్ణా?" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "మీరు తింటారామ్మా?"

తక్కినవాళ్లందరికీ ఆ సాయంత్రమే ఫోన్లు వెళ్లాయి. బంతి పిసికితే చాలదు, సన్నపని చెయ్యాలి, వేళ్ల కొసలతో చెయ్యాలి, అన్నింటికన్నా మంచిది అన్నం తినడం. షకీలా పరీక్షించి చెప్పిన ప్రకారం, మాణిక్యాంబ గారి ఎడమచేతిలో పట్టు అప్పుడప్పుడే జారడం మొదలైంది. ఎక్కువ రోజులు లేవు.

"ఆ చేత్తోనా?" అన్నారు మాణిక్యాంబ గారు. "అన్నం ముట్టుకోను."

"అమ్మా, దేవుడు రెండు చేతులూ ఇచ్చాడు కదే" అన్నాడు కామేశం.

"ఇచ్చాడు. దేని పని దానికిచ్చాడు."

సుభాషిణి అన్ని విధాలా చెప్పిచూసింది. సబ్బుతో కడిగి చూపించింది. చివరికి, ఎన్నడూ ఎత్తకూడదనుకున్న మాట ఎత్తింది. "అత్తయ్యగారూ, ఆ రోజు పంక్తిలో నా చేతిలో గరిట లాక్కున్నారు. నన్ను చదివించడానికే వంటింటికి దూరం చేశారని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతేనా?"

మాణిక్యాంబ గారు తడుముకోలేదు. "లేదమ్మా. నాకు నిజంగానే వెగటు. ఇప్పటికీ అంతే. నువ్వు ఆ చేత్తో మంచినీళ్లిస్తే కళ్లు మూసుకుని తాగుతాను. నువ్వంటే ప్రేమ లేక కాదు. నువ్వు లేని ఇల్లు నేను ఊహించుకోలేను. కానీ ఇది వేరు. అబద్ధం చెప్పి నిన్ను మభ్యపెట్టనా?"

సుభాషిణికి బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ దానితోపాటు ఎన్నాళ్లుగానో మోస్తున్న మూట ఒకటి దించినట్టు కూడా అయింది. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి ప్రేమలోనూ నిజమే, వెగటులోనూ నిజమే. ఇలాంటి మనిషిని గొట్టానికి అప్పగించడం తన వల్ల కాదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని అత్తగారు చెబుతుంటే కామేశం కందిపచ్చడి రుబ్బాడు, పచ్చిపులుసు కలిపాడు. వేడన్నంలో నెయ్యి వేసి ముగ్గురికీ వడ్డించాడు. మాణిక్యాంబ గారి కంచంలో ఎప్పట్లాగే గుప్పెడు మెతుకులు, పక్కన మజ్జిగ గ్లాసు.

సుభాషిణి కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ఎడమచెయ్యి కంచంలో పెట్టింది.

"ఛీ, ఏమిటా పని?" అన్నారు అత్తగారు.

"ఊళ్లో ముసలివాళ్లందరికీ ఎడమచేత్తో తినండని ఫోన్లు చేస్తున్నాను. మీరు తింటారా అని ఒకాయన అడిగారు. నేనూ ఎప్పుడూ తినలేదు కదా. ఎలా ఉంటుందో చూడొద్దూ?"

మాణిక్యాంబ గారు మొహం తిప్పేసుకున్నారు.

వెంట్రుకకన్నా సన్నని నరాన్ని తాకిన చెయ్యి గుప్పెడు అన్నం ముందు ఓడిపోయింది. మెతుకులు వేళ్ల సందుల్లోంచి ఊడిపోయాయి. పచ్చడి అరచేతినిండా పులుముకుంది. నెయ్యి మణికట్టు దాటి మోచేతి వైపు కారింది. ముద్ద అనుకున్నది నోటి దగ్గరకొచ్చేసరికి గడ్డం మీద, చీర మీద, కింద నేల మీద ఉంది. నాలుగు మెతుకులు మాత్రం లోపలికెళ్లాయి. ఆమె పట్టు వదలకుండా మళ్లీ మొదలెట్టింది. కామేశానికి నవ్వు ఆగడం లేదు.

మొహం తిప్పుకున్న మనిషి ఓరకంటితో చూశారు. ఇంకాసేపటికి పూర్తిగా ఇటు తిరిగారు. ఎడమచేతి తిండి సరే, అన్నం అలా నేలపాలవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడ ఒంట్లో లేదు.

"అరచెయ్యంతా ఎందుకే పూసుకుంటావు? వేళ్ల కొసలు. కొసలతో కలపాలి."

"కొసలతోనే కలుపుతున్నాను."

"నీ మొహం. బొటనవేలు ఏం చేస్తోంది, నిద్రపోతోందా? నాలుగు వేళ్లూ దొప్పలా దగ్గరికి తెచ్చి బొటనవేలితో నెట్టాలి."

"ఇలాగా?"

"అలా కాదు, ఇలా." ఆవిడ తన కంచంలో కుడిచెయ్యి పెట్టారు. వేళ్లు ఒకదానికొకటి అందలేదు. మెతుకులు రాలిపోయాయి. "అబ్బ!" అని ఆవిడ విసుక్కున్నారు.

అప్పుడు ఎడమచెయ్యి వచ్చింది. ఆవిడ తీసుకొచ్చారని చెప్పలేం, చిరాకు తీసుకొచ్చింది. అన్నం దగ్గరికి లాగి, పచ్చడి అంచున అద్ది, కొసలతో కలిపింది. మొదటి ముద్ద విరిగిపోయింది. అరవై ఏళ్లు వేలమందికి వండి పెట్టిన మనిషికి అది తలవంపులనిపించింది కాబోలు, పెదవి బిగించి మళ్లీ కలిపారు. బొటనవేలి కింద ఆ చిన్న కండ ఉబ్బింది, నెట్టింది. ఈసారి ముద్ద నిలబడింది. గుండ్రంగా, ఒక్క మెతుకు రాలకుండా.

కామేశం ఏదో అనబోయాడు. బల్ల కింద సుభాషిణి అతని కాలు తొక్కింది.

"ఇదీ ముద్దంటే" అన్నారు మాణిక్యాంబ గారు. "నరాల డాక్టరువి, నీకిన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు కామోసు. నోరు తెరు."

సుభాషిణి నోరు తెరిచింది. అత్తగారి చేతి ముద్ద ఆమె తినడం అదే మొదటిసారి. కంచాల్లో పెట్టారు, క్యారేజీల్లో కట్టారు గానీ, నోట్లో ఎప్పుడూ పెట్టలేదు.  కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆవిడ చూడకూడదని తల వంచుకుని, తన ఎడమచేత్తో మళ్లీ అన్నం కలపడం మొదలెట్టింది. మళ్లీ అంతా వేళ్ల సందుల్లోంచి జారింది.

"నీ వల్ల కాదు గానీ, సరిగ్గా చూడు" అంటూ మాణిక్యాంబ గారు ఇంకో ముద్ద కలిపారు. ఈసారి తొందరపడలేదు. నెయ్యి కలిసేదాకా కలిపి, పచ్చిపులుసులో ఒక కొస ముంచి, బొటనవేలితో మెల్లగా నొక్కి, పైకెత్తారు.

సుభాషిణి మళ్లీ నోరు తెరిచింది. ఆ ముద్ద ఆమె దాకా రాలేదు.

మాణిక్యాంబ గారు కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలి, మింగారు.

"పచ్చట్లో ఉప్పు తగ్గిందిరా, కామేశం" అన్నారు.